మా ఇంట్లో ఓటీపీ నేనే

మా ఊళ్లో గ్యాస్ బండ దిగాలన్నా, రేషన్ కార్డు పని కావాలన్నా, అమ్మ బ్యాంకు ఖాతాలో ఏదన్నా మారాలన్నా ముందు మోగేది నల్లగొండలో ఉన్న నా ఫోను. అన్నిటికీ నా నంబరే ఇచ్చి పెట్టాం. ఇచ్చింది కూడా నేనే, ఇంకొకరిని అనడానికి లేదు. అప్పట్లో అమ్మకు ఫోను లేదు, నాయిన దగ్గరున్న చిన్న ఫోను సగం రోజులు చార్జింగ్ లేక గూట్లో పడి ఉండేది, అందుకని ఏ ఫారంలో మొబైల్ నంబర్ గడి కనబడినా నా పదంకెలు రాసేసి చేతులు దులుపుకున్నా. నాయిన పోయినంక భూమి అమ్మ పేరు మీదికి వచ్చింది, దాంతో ఆ కాగితాల్లో కూడా నా నంబరే ఎక్కింది.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తా. క్లాసులోకి ఫోను తీసుకుపోవద్దు, స్టాఫ్ రూంలో సొరుగులో పెట్టి వెళ్లాలి. పీరియడు నలభై నిమిషాలు. ఆధార్ ఓటీపీ బతికేది పది నిమిషాలు. ఈ రెండు అంకెలు చాలు, మా అమ్మకూ నాకూ మధ్య ఎన్ని గొడవలు జరిగి ఉంటాయో మీరే లెక్క కట్టుకోవచ్చు.

ఒకరోజు మూడో పీరియడు అయ్యాక వచ్చి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్. అయిదు అమ్మవి, ఒకటి పక్కింటి వదినది, ఒకటి ఎవరిదో తెలియని నంబరు. గుండె జారిపోయింది. వణుక్కుంటూ ఫోన్ చేస్తే అమ్మ తాపీగా, "గ్యాసాయన వచ్చి పోయిండు కొడుకా, గా నంబరేదో నీకొచ్చిందట, నువ్వు ఎత్తకపోతివి, బండ మల్ల ఆటో ఎక్కిచ్చుకొని పోయిండు" అంది. తెలియని నంబరు ఆయనదే. బండ సరైన ఇంటికే చేరిందని రుజువు కోసం కోడ్ చెప్పాలి, చెప్పనిదే ఇవ్వను అన్నాడు. మా అమ్మ ఆయనకు ఎదురుగా నిలబడి ఉంది, ఆయనకు ఆమె పన్నెండేళ్లుగా తెలుసు, ఎండాకాలంలో వస్తే మజ్జిగ తాగి పోతాడు. అయినా రుజువు మాత్రం నల్లగొండలో సొరుగులో ఉంది.

తర్వాత ఆ గ్యాసాయనే దీనికి మందు కనిపెట్టాడు. "అన్నా, మెసేజ్ రాంగనే నాకు వాట్సాప్ కొట్టు, నేను చూస్కుంట" అన్నాడు. అప్పటి నుంచి అంతే. పొద్దున్నే కోడ్ నాకు వస్తుంది, నేను బ్రష్ చేసుకుంటూనే అతనికి పంపిస్తా, బండ గోడౌన్ దాటకముందే అది మా ఇంటికి చేరినట్టు రుజువు అతని జేబులో ఉంటుంది. ఈ కోడ్ ఎందుకు పెట్టారో గుర్తు తెచ్చుకుంటే నవ్వొస్తుంది గానీ, బండ అయితే వస్తోంది.

నా బాధ ఏంటంటే, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అంటారు. మెసేజ్ లోనే రాసి ఉంటుంది. ఆ మధ్య, 2025 మొదట్లో, ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు సైబర్ మోసాల గురించిన హెచ్చరిక వినిపించేది కదా, మా అమ్మ నాకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఓటీపీలు, బ్యాంకు వివరాలు చెప్పొద్దన్న ఆ గొంతంతా ఓపిగ్గా విని, నేను ఎత్తగానే "ఓటీపీ చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ని. మా ఊరి వైపు ఏ పనైనా అట్లనే జరుగుతుంది. నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చునేది వేరే మనిషి, అర్జీ మా అమ్మది, ఫోను నాది. ముగ్గురం కలిస్తే గానీ ఒక్క బటన్ నొక్కలేం. ఒకసారి అమ్మే అక్కడ గట్టిగా నిలబడింది, ఎవ్వరికీ చెప్పొద్దని రాసి ఉందట, మా కొడుకు అన్నడు, నేను చెప్ప అని. సెంటర్ అతను పాపం మంచివాడే, "నాకు చెప్పకుంటే నీ పని ఎట్లయితదమ్మా, ఎన్క ముప్పై మంది ఉన్నరు" అన్నాడు. చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది?

కార్డు నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో ఏదన్నా కొంటే కార్డు మీద లేని ఇంకో గుర్తు కూడా అడగాలని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. మంచి పనే, కార్డు పోయినా డబ్బు మిగిలింది. కానీ అది ఒక మనిషి, ఒక ఫోను, ఇంగ్లీషు చదివే కళ్లు ఉన్నచోటికి సరిపోయే ఏర్పాటు. తర్వాత దాన్నే అన్నిటికీ అతికించుకుంటూ పోయారు. రైతుకు అతికించారు, వృద్ధులకు అతికించారు, కొడుకులు హైదరాబాద్‌లోనో బొంబాయిలోనో పని చేసుకునే ఇళ్లకూ అతికించారు. పాలమూరు నుంచి పనికి పోయి అక్కడి సిమ్ వాడి, తిరిగొచ్చాక రీచార్జ్ చేయక ఆ నంబరు పోగొట్టుకున్నవాళ్లు మాకు చుట్టాల్లోనే ఉన్నారు. మూడు నెలలు వాడకుండా, బాలెన్స్ లేకుండా ఉంచితే సిమ్ కట్ అయిపోతుంది, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో పోతుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనుకు మా మేనత్త కొడుకు బ్యాంకు మెసేజ్‌లు పోయేవి చాలా రోజులు.

ఇక మెసేజ్ రాకపోవడం వేరే కథ. రాదు. 'మళ్లీ పంపు' నొక్కుతాం. నొక్కగానే పాతది చెల్లకుండా పోతుంది, కానీ ఆ సంగతి పాతదానికి తెలియదు కదా, అది నింపాదిగా బయల్దేరి కొత్తదానితో కలిసి ఒకేసారి వస్తుంది. పక్కపక్కన రెండు ఆరంకెల సంఖ్యలు, ఏది ముందో ఏది వెనకో దేవుడికెరుక. ఒకటి కొడతాం, తప్పు అంటుంది. రెండోది కొట్టేలోపు సెషన్ అయిపోయింది, మొదటి నుంచి రండి అంటుంది. మొదటి నుంచి అంటే ఆ వంకర టింకర అక్షరాల క్యాప్చా దగ్గర నుంచి. అందులో ఉన్నది సున్నానా ఓ అక్షరమా అని నేను డిగ్రీ చదివి కళ్లద్దాలు పెట్టుకొని కూడా ఇప్పటికీ చెప్పలేను.

అన్నీ ఇట్లనే ఉన్నాయని అనను. క్లాక్ టవర్ దగ్గర నేను టీ తాగే బండి ఉంది. ఆయన ఒక చేత్తో టీ వడగడుతూ ఇంకో చేత్తో గ్లాసులు అందిస్తుంటాడు, పక్కన చిన్న డబ్బా తెలుగులో ఎన్ని రూపాయలు వచ్చాయో అరిచి చెప్తుంది. ఆయన తల తిప్పి కూడా చూడడు. ఆ డబ్బా చేసినవాడు ఎవడో గానీ రెండు చేతులూ ఖాళీ లేని మనిషిని ఒకసారైనా దగ్గరి నుంచి చూసి ఉంటాడు. అట్లనే ఆడవాళ్లకు ఉచిత బస్సు. 2023 డిసెంబర్ 9న మొదలైంది. అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆధార్ కార్డు చూపిస్తుంది, కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తుంది, అయిపోయింది. ఓటీపీ లేదు. వచ్చి కూర్చున్నాక అమ్మ మొదట చెప్పే మాట కూడా అదే, "బస్సుల అయితే ఏ నంబరు అడగరు బిడ్డా."

మోసగాళ్ల ఫోన్ కూడా ఒకసారి వచ్చింది. అప్పటికి అమ్మ దగ్గర చిన్న బటన్ల ఫోను ఉంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, కేవైసీ గడువు అయిపోయింది, ఖాతా ఆగిపోతుంది, ఇప్పుడు ఒక నంబరు వస్తుంది చెప్పు అన్నాడట. అమ్మకు అలవాటే కదా, నంబరు అడిగేవాళ్లందరికీ చెప్పే జవాబే వాడికీ చెప్పింది. "గవన్నీ మా కొడుకు చూస్తడు సారూ, ఆయన నంబరు రాస్కో." వాడు రాసుకున్నాడు. లంచ్ బెల్ అవుతుండగా నాకు చేశాడు! నేను నాలుగు తిట్లు తిట్టి పెట్టేశా. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల నంబరు 1930కి చేసేవాణ్ని, పోలేదు కాబట్టి ఇట్లాంటి ఫోన్ల గురించి చెప్పే ప్రభుత్వ సైట్ ఒకటుంటే, చక్షు అని, అందులో ఫిర్యాదు రాద్దామని కూర్చున్నా. అంతా నింపాక నా నంబరు నిజమైనదో కాదో చూడటానికి ఒక ఓటీపీ పంపింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ నేను విసుక్కున్నదే అమ్మను కాపాడింది, ఓటీపీ వచ్చే ఫోను ఆమె దగ్గరే ఉంటే చెప్పేసేదే. మళ్లీ ఇంకో వైపు, అడిగినవాళ్లందరికీ చెప్పే అలవాటు ఆమెకు నేర్పింది ఎవరు? గ్యాస్, నెట్ సెంటర్, బ్యాంకు, నేను, అందరం కలిసే నేర్పాం.

2025 ఎండాకాలం సెలవుల్లో ఆమె పేరు మీద సిమ్ తీసి, టచ్ ఫోన్ కొనిచ్చి, ఆధార్‌లో నంబరు మారుద్దామని తీసుకుపోయా. యాభై రూపాయల ఫీజు, రెండు గంటల లైను. లోపలికి పోయాక వేలిముద్ర పడదు. ఎర్ర లైటు వెలుగుతుంది, ఆరిపోతుంది. నలభై ఏళ్లు పత్తి ఏరిన వేళ్లు, గీతలు ఎక్కడివి వాటికి. ఆపరేటర్ కుర్రాడు "తలకు రుద్దమ్మా" అన్నాడు. అమ్మ వేలు నూనె జుట్టులో రుద్ది పెట్టింది. పడలేదు. కొంగుతో తుడిచి పెట్టింది. పడలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, అన్నీ అయ్యాయి. ఒక్కో వేలు పెట్టినప్పుడల్లా అమ్మ నా ముఖం వైపు చూస్తోంది, తప్పు తనదే అన్నట్టు. చివరికి బైనాక్యులర్ లాంటిది కళ్లకు పెట్టి కనుపాపలతో పని కానిచ్చారు. "గింతే అయితే మొదలే కండ్లు చూడకపోయినవా" అని అమ్మ ఆ పిలగాణ్ని అడిగింది. సరైన ప్రశ్న.

ఇంక నాకు విముక్తి అనుకున్నా. ఆధార్‌లో మారితే ఆధార్‌లోనే మారింది. గ్యాస్‌లో నా నంబరే, బ్యాంకులో నా నంబరే, భూమి కాగితాల్లో నా నంబరే. ఒక్కోదాంట్లో మార్చాలంటే ముందు పాత నంబరుకు ఓటీపీ వస్తుంది. బ్యాంకులో మాత్రం ఆమెను తీసుకుపోయి సంతకంతో మార్పించా, మిగతావి అట్లనే ఉన్నాయి.

ఆ ఏడాదే నవంబర్‌లో పత్తి. మొంథా తుపాను వాన అక్టోబర్ చివర్లో పడి చేలోనే సగం తడిసింది. పొడుగు పింజ పత్తికి అప్పుడు మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు, బయట వ్యాపారి చెప్పింది దానికి చాలా తక్కువ. మద్దతు ధర రావాలంటే తేమ 12 శాతం దాటొద్దు, ఫోన్‌లో యాప్ పెట్టుకొని ముందే స్లాట్ తీసుకోవాలి. పత్తేమో అరుగు మీద ఆరబోసి ఉంది, అమ్మ దాన్ని రోజుకు రెండుసార్లు తిరగేస్తోంది. స్లాట్లు తెరిచిన కాసేపటికే నిండిపోతున్నాయి. నేను రాత్రి ఇంట్లో కూర్చొని నా ఫోన్‌లో ఆ యాప్ తెరిచి అమ్మ వివరాలు కొట్టా. ఈసారి ఓటీపీ అమ్మ ఫోనుకు పోయింది. నేను చేసేలోపే ఆమే చేసింది.

"కొడుకా, ఏందో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషుల ఉంది, నడిమిట్ల అంకెలున్నయి."

"ఆ అంకెలే అమ్మా, తొందరగా చెప్పు, టైం అయిపోతది."

అవతల నిశ్శబ్దం. ఫోను పెట్టేసిందేమో అనుకున్నా.

"ఎవ్వరికి చెప్పొద్దంటివి గదరా," అంది. "నీకు గూడ చెప్పొద్దా?"