టార్పాలిన్ కింద దొరికిన కాలక్షేపం

రిటైరయ్యాక ఏం చేస్తున్నావని అడిగేవాళ్లకి ఇప్పుడో జవాబుంది. ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న ఓ పాత మోటార్ బోటును బాగుచేస్తున్నాను.

అందరూ ముందు ఇంజిన్ గురించే అడుగుతారు. నిజానికి నన్ను భయపెట్టింది చెక్క. బయట ఫైబర్‌గ్లాస్ ఎంత మెరిసినా, పడవ వెనక గోడ లోపల ఉండేది ప్లైవుడ్. పాత స్క్రూ రంధ్రంలోంచి నీళ్లు దిగితే చాలు, లోలోపలే కుళ్లిపోతుంది. చిన్న సుత్తితో తడుతూ పోయాను. గట్టిగా ఉన్నచోట టక్‌మంది, కుళ్లినచోట మొద్దుగా పలికింది. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు! మొత్తం తవ్వి తీసి, కొత్త ప్లైవుడ్ పెట్టి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో ఫైబర్‌గ్లాస్ పొరలు వేశాను. గ్రైండింగ్ దుమ్ముకి ఒళ్లంతా దురద. ఇంట్లోవాళ్లు గుమ్మంలోనే ఆపేసేవారు.

మిగతావి తేలికే: పాత పెట్రోల్ తీసేయడం, కూలింగ్ పంపులో పగిలిన రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) మార్చడం. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా మార్చాలి; కారుది చవగ్గా వస్తుందని ఒకాయన సలహా ఇచ్చాడు. వద్దన్నాను. ఇంజిన్ గదిలో పెట్రోల్ ఆవిరి పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పడవలకి వాడేవాటిలో రవ్వలు బయటికి రాకుండా రక్షణ ఉంటుంది. అందుకే ఖరీదు.

సీట్లు ఇంకా మొదలుపెట్టలేదు. తొందరేముంది!