అక్క గద్వాల లోకల్, నేను నల్లగొండ లోకల్

గ్రూప్స్‌కు, అంటే గ్రూప్-2, 3, 4 లాంటి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లంటే అందరికీ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదులే గుర్తుకొస్తాయి. ఊళ్లోనే ఉండి, ఇంటి పని చేసుకుంటూ, అక్కాచెల్లెళ్లు కలిసి చదివే ఇళ్లు కూడా తక్కువేమీ కాదు. ఇది అలాంటివాళ్ల కోసం. కలిసి చదవడం గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరూ ఒకే పాఠం చదివితే ఒకరి సమయం దండగ. ఒకరు చదివి చెప్పాలి, ఇంకొకరు ఊపిరాడకుండా ప్రశ్నలు వేయాలి.

మాది నల్లగొండ జిల్లా చండూరు వైపు చేనేత కుటుంబం. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది. ముగ్గురం ఆడపిల్లలం: అక్క, నేను, ఇప్పుడు డిగ్రీ చదువుతున్న చెల్లి. ముందు గది మగ్గానిదే కాబట్టి మగ్గం గుంట (నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గొయ్యి) పోగా మిగిలిన జాగాలోనే మా చదువులు. ఇద్దరికీ వేరువేరుగా పుస్తకాలు కొనే స్తోమత లేదు. పాత పుస్తకాల దుకాణంలో తెచ్చిన లావుపాటి జనరల్ స్టడీస్ పుస్తకాన్ని నాన్న నడిమికి విడదీసి, రెండు సగాలనూ మగ్గం నూలుతోనే కుట్టి ఇచ్చాడు. పాలిటీ, చరిత్ర ఉన్న సగం అక్కది. ఎకానమీ, భూగోళం ఉన్న సగం నాది. అంకగణితం, రీజనింగ్ కూడా నా మీదే పడ్డాయి, ఎందుకంటే అక్కకు రైళ్ల లెక్కలంటే ఒళ్లుమంట.

మా అసలు తరగతి ఆసు దగ్గర నడిచేది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కత్ చీరకు రంగులు అద్దే ముందు పేక నూలును (అడ్డపోగులను) అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదులుతుంది. భుజం లాగేస్తుంది కానీ చెవులు ఖాళీగానే ఉంటాయి. అమ్మకు భుజం నొప్పి ఎక్కువైన రోజుల్లో నేనో అక్కో కూర్చునేవాళ్లం, రెండోవాళ్లు పక్కన కూర్చుని పాఠం చెప్పేవాళ్లు. అమ్మ పోస్తున్నప్పుడు మాత్రం ఒక ఆంక్ష ఉండేది: సంవత్సరాలు, అంకెలు పైకి చదవకూడదు. మేము ‘1956, 1969, 1973’ అంటుంటే ఆమెకు పోగుల లెక్క తప్పేది. అందుకని పగలు ప్రాథమిక హక్కులు, ఉద్యమ ఘట్టాలు, పథకాల ఉద్దేశాలు. రాత్రి నూలు పక్కన పెట్టాక తేదీలు, బడ్జెట్ అంకెలు. ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వని టైంటేబుల్ అది. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చిందని కరెంట్ అఫైర్స్‌లో బట్టీ పట్టాం. ఆ యంత్రం మాత్రం మా ఇంటిదాకా ఇంకా రాలేదు.

సొంత జిల్లా గురించి మనకు తెలుసులే అనే ధీమా గ్రూప్-2 నాలుగో పేపరులో (తెలంగాణ ఉద్యమం) పనికిరాదు. నాన్న నూలు కోసం వెళ్లే, ఒకప్పుడు మా నల్లగొండ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలోనే భూదానోద్యమం మొదలైందని మా ఇంట్లో అందరికీ తెలుసు. పరీక్షకు కావలసింది 1951 ఏప్రిల్ 18, వినోబా భావే, 100 ఎకరాలు ఇస్తానన్న వెదిరె రామచంద్రారెడ్డి. ఫ్లోరైడ్ సంగతీ అంతే. వంగిన కాళ్లు, పాచిపట్టినట్టుండే పళ్లు మా వైపు ఎవరికీ చదివి తెలుసుకోవలసిన విషయాలు కావు. అయినా నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ టెక్నిక్’లో ఏమి వాడతారని అక్క అడిగితే నాకు నోరు పెగల్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. ఆ పద్ధతిని రూపొందించింది నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ. ఆ తర్వాత మేము చూసిన ప్రతి దానికీ పక్కన ఒక పేరు, ఒక సంవత్సరం రాసుకోవడం మొదలుపెట్టాం.

మోడల్ పేపర్ల కోసం నల్లగొండ జిల్లా గ్రంథాలయానికి వెళ్లేవాళ్లం. మొదట్లో చార్జీలకు భయపడి ఒక్కరమే వెళ్లి, రెండోవాళ్ల కోసం ప్రశ్నలు రాసుకొచ్చేవాళ్లం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఇద్దరం వెళ్లాం. నిజం చెప్పాలంటే ఒక్కరు వెళ్లిన రోజుల్లోనే పని ఎక్కువ జరిగింది.

ఇక అందరూ నిర్లక్ష్యం చేసే విషయం, స్థానికత. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏ జిల్లాలో ఎక్కువ ఏళ్లు చదివితే ఆ జిల్లాకే లోకల్. జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. చెల్లి పుట్టిన రోజుల్లో ఇల్లు గడవక అక్కను గద్వాలలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. నాలుగో తరగతి దాకా అక్కడే చదివింది. ఆ లెక్కన ఒకే కంచంలో తిన్న మేమిద్దరం రెండు జిల్లాల అభ్యర్థులం. బోనఫైడ్ (ఆ బడిలో చదివినట్టు ఇచ్చే ధ్రువపత్రం) కోసం అక్క గద్వాల వెళితే ఆ బడి వేరే బడిలో కలిసిపోయి ఉంది, పాత రిజిస్టరు వెతికించడానికి తిరగాల్సి వచ్చింది. నోటిఫికేషన్ కోసం ఆగకండి. ఈ సెలవుల్లోనే మీ ఏడు తరగతుల కాగితాలూ తెచ్చి పెట్టుకోండి.

గ్రూప్-4ను 2023 జూలై 1న ఇద్దరం రాశాం. 150 మార్కుల చొప్పున రెండు పేపర్లు. రీజనింగ్, లెక్కలు ఉండే రెండో పేపరు సెక్రటేరియల్ ఎబిలిటీస్‌లో నాకు బాగా కలిసొచ్చింది, మొత్తం మీద అక్క కంటే నాకే ఎక్కువ మార్కులు. 2024 నవంబరులో తుది జాబితా వస్తే అందులో అక్క పేరుంది, జూనియర్ అసిస్టెంటుగా, గద్వాల జిల్లాలో. నల్లగొండ జాబితాలో నా పేరు లేదు. ఏ జిల్లా పోటీ ఆ జిల్లాది. చుట్టాలకు ఇది చెప్పి ఒప్పించడం పరీక్ష రాయడం కంటే కష్టం. ‘చిన్నదానికి ఎక్కువ వస్తే పెద్దదానికి ఉద్యోగమెట్లా?’ అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. కడుపు మండలేదని చెప్పను. అదే నెల 17, 18 తేదీల్లో గ్రూప్-3 ఉండటంతో ఏడ్వడానికి తీరిక దొరకలేదు. అక్కే హాల్‌టికెట్ ప్రింటు తీయించి, రీజనింగ్ ప్రశ్నలు చదివి వినిపించింది, ఒక్కటీ తనకు అర్థం కాకపోయినా.

వాయిదాల గురించి కూడా ఒక మాట. 2023 ఆగస్టులో జరగాల్సిన గ్రూప్-2 వాయిదా మీద వాయిదా పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. వాయిదా పడ్డ ప్రతిసారీ ‘ఇంకా సమయం దొరికింది’ అని పుస్తకం పట్టుకున్నవాళ్లు విసిగిపోవడం చూశాను. మేము కొన్ని వారాలు పుస్తకాలు కట్టేసి చిటికి పనికి (రంగు అంటకుండా నూలుకు ముడులు కట్టే పని) కూర్చున్నాం. చేతిలో నాలుగు రూపాయలు పడితే ఫీజుకు నాన్నను అడగాల్సిన అవసరం తగ్గుతుంది, బుర్రకూ విశ్రాంతి. పన్నెండు గంటలు చదివామని చెప్పేవాళ్ల మాటలు నేను పెద్దగా నమ్మను.

గ్రూప్-2లో నేను ఎంపిక కాలేదు, మళ్లీ చదువుతున్నాను. అక్క గద్వాల నుంచి రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి పాలిటీ అడుగుతుంది. ఆఫీసు ఫైళ్లు చూసి చూసి ఇప్పుడు దానికి పంచాయతీరాజ్ చట్టం నాకంటే బాగా వచ్చు. చెల్లికి తెలంగాణ ఉద్యమం పేపరు అప్పగించాను. పాఠం చెప్పమంటే ముందు జీతం ఎంత ఇస్తావని అడుగుతోంది, ఇంకా బేరం తేలలేదు.