పాత జీపుకు కొత్త డైనమో, కొత్త సెల్ఫ్: నా అనుభవం

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా జీపు వంక మధ్యలో ఆగిపోయింది. తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం, అంతే. హెడ్‌లైట్లు బుడ్డి దీపాల్లాగా ఎర్రబడిపోయాయి. మోకాలి లోతు నీళ్ళలో నలుగురం దిగి, ఎర్ర బురదలో తోసి తోసి గట్టుకు చేర్చేసరికి పదకొండున్నర దాటింది. నాయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆయన అట్లా మౌనంగా ఉండటం చూస్తే నాకు గుండె కలుక్కుమంది. ఇంకెప్పుడూ అతుకుల పని చేయించకూడదని ఆ రాత్రే అనుకున్నాను.

బండి 1994 మోడల్ మహీంద్రా ఎం.ఎం. 540. నాలుగు చక్రాలూ లాగే జీపు. ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ. అనంతపురం జిల్లా నార్పల దగ్గర మా చీనీ (బత్తాయి) తోట, దాని పక్కనే శెనక్కాయ చేను. ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు, కాయల బుట్టలు అన్నీ ఇందులోనే మోశాం. చేనుకు అడవి పందుల బెడద మొదలైనప్పటి నుంచి రాత్రి కాపలా కూడా దీని మీదే. అమ్మేయమని చాలామంది చెప్పారు. నాకు మనసు రాలేదు.

మా వైపు ఆల్టర్నేటర్‌ను ఎవరూ ఆ పేరుతో పిలవరు, డైనమో అనే అంటారు. నిజానికి రెండూ వేరు. ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ కరెంటు, దాన్ని లోపలి డయోడ్లు డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతాయి. ఇంజన్‌ను మొదట తిప్పి లేపే స్టార్టర్‌ను సెల్ఫ్ మోటారు అంటారు, లేదంటే ఒట్టి సెల్ఫ్. నేనూ అట్లే రాస్తాను.

మరుసటి రోజే అనంతపురం పోయి రెండూ కొనేద్దామని విడిభాగాల దుకాణం మెట్లెక్కాను. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నకే నేను తడబడ్డాను: "ఇంజన్ ప్యూజోనా, డీఐనా?" డీఐ అంటే మహీంద్రా వాళ్ళ ఇంకో డీజిల్ ఇంజన్. ఈ జీపుల్లో చాలావాటికి మధ్యలో ఎవరో ఒకరు ఇంజన్ మార్చేసి ఉంటారు. ఆర్సీలో మోడల్ చూసి సామాను కొంటే సరిపోకపోవచ్చు. మాది మారలేదని నాకు తెలుసు, కానీ మెట్లు దిగి ఇంజన్ నంబరు ఆర్సీతో పోల్చుకున్నాకే ధైర్యంగా సమాధానం చెప్పాను. అప్పటికీ కొనకుండా, మాకు అలవాటైన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. ఆయన్ను అందరూ భాయ్ అనే పిలుస్తారు. సంగతంతా విని ఆయన ఒకటే అడిగాడు. "కొలిచినారా అన్నా? కొలవకుండా కొంటే కొత్త సెల్ఫ్ కూడా ఇట్లే ఏడుస్తుంది."

ఆ మాటే నా డబ్బును కాపాడింది. బ్యాటరీని రాత్రంతా చార్జికి పెట్టి, పొద్దున మల్టీమీటరు పెట్టి చూశాం. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అంటే బ్యాటరీ నిండా చార్జి అయింది. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ టెర్మినళ్ళ మీద చూస్తే 10.6. అదే సమయంలో సెల్ఫ్ మోటారుకు బ్యాటరీ కేబులు బిగించే బోల్టుకూ దాని బాడీకీ మధ్య చూస్తే 8.7. దాదాపు రెండు వోల్టులు దారిలోనే మాయమవుతున్నాయి. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస సెల్ఫ్ బాడీ మీద పెట్టి మళ్ళీ కొట్టాం. ఎర్త్ వైపే, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వచ్చే దారిలోనే, 1.3 పోతోంది. ఒక్కో వైపు అర వోల్టుకు మించి పోకూడదు అన్నాడు భాయ్.

గేర్ బాక్సు నుంచి చాసిస్‌కు వచ్చే ఎర్త్ పట్టీ విప్పితే దాని కింద తుప్పు, ఎండిన మట్టి పొరలు పొరలుగా రాలాయి. రాగి తీగలు సగం తెగి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ చోటు మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది కొత్త పట్టీ వేశాం. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు 35 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబులు కొత్తది లాగాం. సెల్ఫ్ దగ్గర వోల్టేజి 10 దాకా లేచింది. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ చక్కగా అందుకుంది. రెండు వారాల పాటు నాకు ఇక సెల్ఫే అవసరం లేదేమో అనిపించింది.

కానీ ఎండలో తిరిగొచ్చి ఆపితే మళ్ళీ బరువు. రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ దింపాం. భాయ్ దాని లోపల తిరిగే ఆర్మేచర్‌ను బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. దాని ఒంటి మీద ఒక వైపు అద్దంలాగా మెరిసే గీతలు. లోపల దాని చుట్టూ కదలకుండా ఉండే ఇనుప ముక్కలు, పోల్ షూల మీద కూడా అవే గీతలు. ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగి, బుష్‌లు కూర్చునే రంధ్రం కూడా కోలగా సాగిపోయింది. అందువల్ల ఆర్మేచర్ ఒక పక్కకు వాలి రాసుకుంటోంది. వేడెక్కినప్పుడు ఇంకా ఎక్కువ. ఇంతకు ముందు రెండుసార్లు కార్బన్లు (ఆర్మేచర్‌కు కరెంటు అందించేవి), బుష్‌లు మార్పించాం. కార్బన్లు రాసుకునే కమ్యుటేటర్‌ను లేతు మీద పట్టించాం కూడా. మూడోసారి బుష్ వేసినా ఆ రంధ్రంలో నిలవదు. రిపేరుకు కూడా ఒక హద్దు ఉంటుందని ఆ గీతలు చూశాకే ఒప్పుకున్నాను.

కొత్త సెల్ఫ్ విషయంలో నా ముందు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, పాత రకమే, అంటే మోటారు నేరుగా పినియన్‌ను (ఇంజన్ రింగు గేరును తిప్పే చిన్న పళ్ళ చక్రాన్ని) తిప్పేది. రెండోది గేర్ రిడక్షన్ రకం. ఇందులో చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది, మధ్యలో ఉన్న గేర్లు ఆ వేగాన్ని బలంగా మారుస్తాయి. బరువు తక్కువ, బ్యాటరీ నుంచి లాగే కరెంటు కూడా తక్కువ. డీజిల్ ఇంజన్‌కు కంప్రెషన్ ఎక్కువ. తగినంత వేగంగా తిప్పకపోతే లోపలి గాలి వేడెక్కదు, ముందుగా వేడినిచ్చే హీటర్ ప్లగ్గులు ఎంత బాగున్నా డీజిల్ అంటుకోదు. కాబట్టి గేర్ రకం మీదే నాకు మనసు పోయింది.

దుకాణంలో ఒకటి చూపించారు, "కూర్చుంటుంది సార్" అన్నారు. నేను పాత సెల్ఫ్ గోనె సంచిలో పెట్టుకుని పోయాను కాబట్టి బతికిపోయాను. రెండింటినీ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి పినియన్ పళ్ళు లెక్కపెట్టాను. కొత్తదానికి ఒక పన్ను ఎక్కువ. ఒక్క పన్నే కదా అనుకోకూడదు, ఆ తేడాతో ఇంజన్ రింగు గేరును నమిలేస్తుంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా కలవలేదు, మధ్యలో ప్లేటు చేయించాలి అన్నారు. పొలం బండికి అట్లాంటి ప్లేట్లు వద్దనుకున్నాను. రేపు తాడిపత్రి దారిలో చెడిపోతే అక్కడి మెకానిక్ దగ్గర కార్బన్లు, బుష్‌లు దొరకాలి. అందుకని పాత రకమే కొత్తది తీసుకున్నాను. పాతదాని నేమ్ ప్లేటును డీజిల్‌తో కడిగితే లూకాస్ టీవీఎస్ పేరు, కింద పార్టు నంబరు బయటపడ్డాయి. ఆ నంబరు చెప్పి తెప్పించుకున్నాను. పళ్ళు, తిరిగే దిక్కు, బోల్టు రంధ్రాలు, ముక్కు పొడవు, ఈ నాలుగూ కౌంటరు మీదే చూసుకున్నాకే డబ్బు కట్టాను.

ఇంకో చోట ఇదే రకం సగం ధరకు ఇస్తామన్నారు. అట్ట పెట్టె మీద పేరున్న కంపెనీ గుర్తు ఉంది, మోటారు ఒంటి మీద మాత్రం ఏ ముద్రా లేదు. బిల్లు ఇవ్వమంటే తర్వాత చూద్దాం అన్నారు. వచ్చేశాను.

డైనమో సంగతి ఇంకా చిక్కు. నేను మొదట 90 ఆంపియర్లది అడిగాను, పెద్దదైతే మంచిదే కదా అని. భాయ్ కాగితం తీసుకుని లెక్క వేయించాడు. హెడ్‌లైట్లు 60 వాట్లవి రెండు, ముందు నేను పెట్టించిన 55 వాట్ల లైట్లు రెండు, వెనక ఇంకో 55. మొత్తం 285 వాట్లు. 12తో భాగిస్తే దాదాపు 24 ఆంపియర్లు. వైపరు, టెయిల్ లైట్లు, ఫోన్ చార్జరు కలిపితే 30. పాత డైనమో మీద 35 అని ఉంది. మరి చాలాలి కదా?

ఆ 35 అనేది డైనమో వేగంగా తిరిగినప్పటి మాట. ఇంజన్ ఐడిల్‌లో (కాలు తొక్కకుండా ఊరికే నడుస్తూ) ఉంటే అందులో సగం కూడా రాదు. మేము రాత్రిపూట లో గేరులో, నడక వేగంతో, అన్ని లైట్లూ వేసుకుని తోట చుట్టూ తిరుగుతాం. అంటే రాత్రంతా బ్యాటరీ నుంచే తీస్తున్నాం, తిరిగి నింపడమే లేదు. వంకలో బండి ఆగిన రాత్రి జరిగింది అదే. ఎర్త్ తుప్పు ఒక పక్క, ఖాళీ అయిన బ్యాటరీ ఒక పక్క. కాబట్టి డైనమో కొనేటప్పుడు మీద రాసిన పెద్ద అంకె కాదు, ఐడిల్‌లో ఎంత ఇస్తుందో అడగాలి. 65 ఆంపియర్లది సరిపోతుందని తేల్చుకున్నాం. మా బండికి డైనమోను తిప్పేది ఒకే వి-బెల్టు. 90 పెడితే లోడు పడగానే బెల్టు జారి కీచుమంటుంది. జారకుండా బాగా బిగిస్తే బేరింగు పోతుంది.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. మా జీపుకు నాయన ఎప్పుడో బూస్టర్ బ్రేకులు, అంటే తొక్కే బలాన్ని పెంచేవి, పెట్టించాడు. దానికి కావలసిన, గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకాలే, అదే షాఫ్టు మీద ఉంటుంది. దుకాణం వాళ్ళు చూపించిన 65 ఆంపియర్లది కారుది, పంపు లేదు. బ్రాకెట్టుకు చక్కగా కూర్చుంటుంది, చార్జింగూ ఇస్తుంది. బ్రేకు తొక్కితే మాత్రం పెడల్ రాయిలాగా ఉంటుంది. ఆ షాఫ్టుకు పంపు తగిలించే వీలు కూడా లేదు. నాకు ఈ విషయం తట్టనే లేదు. భాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసి, మాట్లాడకుండా తిరిగి పెట్టెలో పెట్టేశాడు. పంపు ఉన్నది తెప్పించడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ బండి షెడ్డులోనే ఉంది, కాపలాకు టార్చి పట్టుకుని నడిచే తిరిగాం.

బిగించిన రోజు కూడా టెన్షన్ తప్పలేదు. పంపు ఎండుగా తిరగకూడదని ముందే అందులో కొంచెం ఇంజన్ ఆయిల్ పోశాం, ఆయిల్ పైపుల వాషర్లు కొత్తవి వేశాం. పాత డ్యాష్‌బోర్డులోని అమ్మీటరు గుండా 65 ఆంపియర్లు పంపితే ఆ సన్నటి వైర్లు కాలిపోతాయి. అందుకని డైనమో నుంచి బ్యాటరీకి నేరుగా 16 స్క్వేర్ ఎం.ఎం. కేబులు, మధ్యలో ఫ్యూజు పెట్టి, అమ్మీటరు చోట వోల్టు మీటరు పెట్టాం. కొత్త సెల్ఫ్ ఒక్క చుట్టుకే ఇంజన్‌ను లేపింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. తీరా వోల్టు మీటరు చూస్తే 12.4 దగ్గరే నిలబడి ఉంది. చార్జింగ్ లేదు!

కొత్తది కూడా చెడిపోయినదే ఇచ్చారా అని నా చేతులు చల్లబడ్డాయి. భాయ్ తొణకలేదు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు వైపు చూపించాడు. "ఎర్ర లైటు వెలగడం లేదు, చూసినారా?" ఆ చార్జింగ్ లైటు బల్బు గుండానే డైనమోకు మొదటి కరెంటు చిటికెడు అందుతుంది. అది అందకపోతే లోపలి రోటర్‌కు అయస్కాంతం పుట్టదు. ఆ బల్బు ఎన్నేళ్ళ క్రితం పోయిందో ఎవరికీ తెలియదు. పాత డైనమో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఎట్లాగో లేచేది, మేము గమనించనే లేదు. 2 వాట్ల బల్బు వేసి మళ్ళీ స్టార్ట్ చేశాం. ఎర్ర లైటు వెలిగి ఆరింది. ముల్లు 14.2కు లేచి నిలబడింది. అన్ని లైట్లూ వేసి ఐడిల్‌లో పెట్టి చూస్తే 13.5.

ఆ రాత్రి నాయనే నడిపాడు. తోట చివర బండి ఆపి, లైట్లు ఆర్పి, ఇంజన్ కూడా ఆపేశాడు. చాలా ఏళ్ళుగా ఆయన వాలు లేని చోట ఇంజన్ ఆపింది లేదు, తోయాల్సి వస్తుందని. కాసేపు చీకట్లో పందుల అలికిడి విన్నాం. తాళం తిప్పాడు, వెంటనే అందుకుంది. "బాగుందిరా" అన్నాడు.

ఒక పని మిగిలి ఉంది. సెల్ఫ్ దింపినప్పుడు టార్చి వేసి చూస్తే రింగు గేరులో ఎదురెదురుగా రెండు చోట్ల పళ్ళు అరిగి ఉన్నాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎప్పుడు ఆగినా దాదాపు ఆ రెండు చోట్లే ఆగుతుంది, సెల్ఫ్ ఆ పళ్ళనే కొరుకుతుంది. దానికోసం ఇప్పుడే గేర్ బాక్సు దింపించడం దండగ. చీనీ కాయ అమ్మాక క్లచ్ ప్లేటు ఎట్లాగూ మార్చాలి. అప్పుడు రింగును వేడి చేసి ఊడదీసి, పావు చుట్టు తిప్పి బిగిస్తానని భాయ్ చెప్పాడు.