తవ్వకం లాగ్, మూడో వారం: పైపు ముక్క దొరికింది

మూడో వారం అయిపోయింది, నడుం పట్టేసింది. కొత్తగా చదివేవాళ్లకి చెప్తున్నా, ఇది న్యూయార్క్ రాష్ట్రంలో లేక్ జార్జ్ దక్షిణపు ఒడ్డు, 1755 నుంచి 1759 దాకా ఫ్రెంచోళ్ల మీద యుద్ధానికొచ్చిన బ్రిటిష్ సైన్యం, కాలనీల పటాలాలు గుడారాలేసుకున్న చోటు, ఇక్కడి పురావస్తు తవ్వకంలో నేను వీకెండ్ వాలంటీర్ని. మనవైపు 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషోళ్లూ ఫ్రెంచోళ్లూ కొట్టుకున్నారే, అదీ ఇదీ ఒకటే యుద్ధం, మొన్నటిదాకా నాకసలు తట్టనేలేదు.

ఈసారి 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతు పొర, దాన్నే లెవెల్ అంటారు. పార ముట్టుకోనివ్వరు, తాపీతో పల్చగా గీకడం, ఆ మట్టి బకెట్లో పోసి పావు అంగుళం జల్లెడలో ఆడించడం, అంతే. చేత్తో కొట్టిన మేకులు, నల్ల సీసా పెంకులు, తుపాకీలో నిప్పు రగిలించే తేనెరంగు చెకుముకి రాయి ఒకటి వచ్చాయి. ఆ రంగంటే ఫ్రెంచ్ రాయి, కానీ బ్రిటిష్ సైనికులూ అవి బాగానే వాడారు కాబట్టి దాన్ని చూసి ఫ్రెంచోళ్లు ఇక్కడున్నారని ఎగరక్కర్లేదు.

తప్పు కూడా చేశా. గుంట గోడలోంచి మేకు కొన కనిపిస్తుంటే ఆగలేక లాగేశా. మా క్రూ లీడర్ ఆవిడ తిట్టలేదు, ఎంత లోతులో ఉందని మాత్రం అడిగింది, నేను నోరెళ్లబెట్టా, బ్యాగ్ మీద "లెవెల్ తెలీదు" అని నాతోనే రాయించింది.

ఆదివారం జల్లెడలో చాక్‌పీస్ ముక్కలాంటిది కనిపించింది, తీసి చూస్తే మధ్యలో సన్నటి బెజ్జం, పొగాకు తాగే మట్టి పైపు కాడ! కాలం గడిచేకొద్దీ ఈ బెజ్జాలు సన్నబడ్డాయి, హారింగ్టన్ అనే ఆయన 1954లో డ్రిల్ బిట్లతో కొలిచి లెక్క కట్టాడు, 1710-1750 మధ్యవి ఎక్కువగా 5/64 అంగుళం, ఆ తర్వాతవి 4/64. కర్టెన్ రాడ్ల కోసం కొన్న బిట్ల డబ్బా కార్లోనే ఉంది, 5/64 మూతి దగ్గరే ఆగింది, 1/16 (అంటే 4/64) మెత్తగా దిగింది. బిట్‌ని తోక వైపు నుంచే పెట్టండి, పదును వైపు పెడితే లోపల గీరుకుపోతుంది. అయినా ఒక్క ముక్కతో తేదీ చెప్పేయకూడదు, డజన్ల కొద్దీ కావాలి, మా గుంటలో ఇప్పటికి ఏడే.

ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, ఇక్కడ టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఎక్కువ. మోకాళ్ల కిందకి పాత యోగా మ్యాట్ కోసి పెట్టుకున్నా.

చివర్లో ఒక మూల మట్టి ఎర్రగా కాలి, చుట్టూ బొగ్గు కనిపించింది, పొయ్యి అయ్యుండొచ్చు, శనివారం తెరుస్తాం. నేను లాగేసిన మేకు సరిగ్గా ఆ పక్క గోడలోదే, ఆ పొయ్యి నాటిదో కాదో ఇక తేలదు.