విమానం ఎందుకు ఎగిరిపడిందని నాన్న అడిగాడు

అమెరికాలో 16 ఏళ్ళు నిండిన పిల్లలు ఒంటరిగా విమానం నడపొచ్చు. 17కి ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకోవచ్చు. రూలు ప్రకారం 40 గంటలు నడిపితే చాలు గానీ చాలామందికి ఇంకా ఎక్కువే పడుతుంది. మేం మా అమ్మాయి ఇంజనీరింగ్ గురించి మాట్లాడుకుంటుంటే, తను సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం అద్దె గంటకెంతో లెక్కలేసుకుంటోంది. పైలట్ శిక్షణలో చేర్పించక తప్పలేదు.

మొన్న వేసవిలో తన తోటి విద్యార్థి ఒకడు సోలోలో, అంటే ఒంటరిగా నడుపుతూ, కిందికి దిగేటప్పుడు విమానాన్ని పాడుచేశాడు. వేగం తగ్గకుండానే చక్రాలు ఆనించాడు, విమానం బంతిలా పైకి లేచింది. కంగారులో యోక్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే స్టీరింగు) ముందుకు తోశాడు. ముందు చక్రం విరిగి ప్రొపెల్లరు రన్‌వేకి కొట్టుకుంది. అబ్బాయికి ఏమీ కాలేదు.

ఆ తర్వాత మా అమ్మానాన్నల ఊరు కందుకూరు వెళ్ళాం. (2022లో దాన్ని నెల్లూరు జిల్లాలో కలిపారు. నాన్న మాత్రం ప్రకాశమనే అంటూ వచ్చాడు.) అన్నాల దగ్గర మా అమ్మాయి ఇదంతా చెప్పేసింది, నేను కళ్ళతో ఎంత వారించినా. అమ్మ ముద్ద వదిలేసి ఉప్పుతో దిష్టి తీయబోయింది. బాబాయి ఊరుకోకుండా, 2022లో నాగార్జునసాగర్ దగ్గర కూలిన శిక్షణ విమానం సంగతి ఎత్తాడు. అందులో ఉన్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

నాన్న మాత్రం, "అది సరే, అసలు ఎందుకు ఎగిరిందే అది?" అన్నాడు.

నాన్న ఏళ్ళ తరబడి బ్యారన్‌లో, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, ఆకు కాల్చినవాడు. ఎవరి బ్యారన్ అయినా తగలబడితే ఊరంతా "వాడి టైం బాగాలేదు" అనేది. ఆయన లోపలికెళ్ళి, ఆకు వేలాడదీసిన కర్ర జారి వేడి గొట్టం మీద పడిందా, గొట్టం అతుకు దగ్గర నిప్పు బయటికొచ్చిందా అని వెతికేవాడు.

"వెనక రెండు చక్రాలు మొదట ఆనాలి తాతయ్యా. ముందు చక్రం అంత దెబ్బకి ఆగదు. ఎగిరితే ముక్కు కిందికి తోయకూడదు, ఫుల్ పవర్ ఇచ్చి మళ్ళీ చుట్టు తిరిగి రావాలి."

"మన కొరిశపాడు కాడ హైవే మీద విమానాలు దించుతున్నారంటగా, అట్టా పొడుగు రన్‌వే ఉంటే?"

"పొడుగు సమస్య కాదు తాతయ్యా, వేగం."

అమ్మది మూఢనమ్మకమని నేననను. ఆ భయానికి ఆధారం ఉందని బాబాయి చెప్పిన కబురే చెబుతోంది. కాకపోతే ఇంట్లో చెప్పనివ్వకపోతే పిల్లలు చెప్పడం మానేస్తారు, ఎగరడం కాదు. అమెరికాలో ప్రమాదం దాకా పోని పొరపాట్లను పైలట్లే రాసి పంపడానికి 1976 నుంచి ఒక ఏర్పాటుంది, నాసా నడుపుతుంది. పేర్లు తీసేసి వాటిని అందరికీ చదవడానికి పెడతారు. మా అమ్మాయి టిఫిన్ తింటూ అవే చదువుతుంది. నాకైతే ఇడ్లీ దిగదు, అయినా ఫోన్ పక్కన పెట్టమని అనను.

లైసెన్సుకి 150 నాటికల్ మైళ్ళ (దాదాపు 280 కిలోమీటర్ల) సోలో ప్రయాణం ఒకటి చేయాలి. వచ్చే నెలే. అమ్మమ్మకి ముందే చెబుతానని మా అమ్మాయి, దిగాక చెబుదామని మా ఆయన. నేను దాని వైపే.