బోణీ చేయకుండా లేచి వచ్చే హక్కు

మా అమ్మకు బేరమాడడం రాదు. నా చిన్నతనంలో ఒక ఉదయం కడప వై.వి. స్ట్రీట్‌లోని ఒక బట్టల అంగడికి వెళ్లాము. గుమాస్తా తెల్లటి పరుపు మీద పదిహేను చీరలు విప్పి పరిచాడు. చెప్పిన ధర మా దగ్గరున్న డబ్బుకు అందక అమ్మ లేవబోయేసరికి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని, “ఇన్ని విప్పించినాక బోణీ కూడా చేయకుండా పోతే ఎట్లమ్మా?” అన్నాడు. అమ్మ మళ్లీ కూర్చుని, నచ్చకపోయినా ఒక రవిక గుడ్డ కొన్నది. ఆ గుడ్డ కుట్టించకుండానే ఏళ్ల తరబడి మా బీరువాలో ఉండిపోయింది.

ప్రపంచంలోని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల గురించి ఎక్కడ చదివినా నాకు ఆ రవిక గుడ్డే గుర్తుకు వస్తుంది. మన వైపు ‘డిపార్ట్‌మెంటల్ స్టోర్స్’ అని బోర్డు ఉంటే లోపల దొరికేవి బియ్యం, పప్పులు, సబ్బులు. నేను చెబుతున్నది బట్టలు, పాత్రలు, కుర్చీలు, అత్తర్లు వేరువేరు విభాగాలుగా ఒకే కప్పు కింద అమ్మే అంగళ్ల గురించి. వాటి భవనాల కంటే, అవి కొనేవారికి ఇచ్చిన మర్యాదే గొప్పదని నా నమ్మకం.

ఆ మర్యాదకు ఒక మూలం జపాన్‌లో ఉంది. నేటి మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు పూర్వరూపమైన ఎచిగోయా అనే బట్టల అంగడిని మిత్సుయి తకతోషి 1673లో, ఇప్పుడు టోక్యోగా పిలిచే ఎదో నగరంలో తెరిచాడు. అప్పటి వర్తకులు సరుకును ధనవంతుల ఇళ్లకు మోసుకెళ్లి, అరువు మీద, మనిషిని బట్టి ధర చెప్పి అమ్మేవారు. ఎచిగోయా మాత్రం అంగడిలోనే, రొక్కానికి, అందరికీ ఒకే ధరకు అమ్మింది. గుడ్డ చుట్టను మొత్తంగా కొనలేని మనిషికి కావలసినంత గుడ్డే కోసి ఇచ్చింది. మూరెడు గుడ్డ కొనేవారికీ ఆ గుమ్మంలో చోటు దొరకడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలిస్తుంది.

ప్యారిస్‌లో 1852లో బోన్ మార్షే అనే అంగడిలో భాగస్వామిగా చేరిన అరిస్తీద్ బూసికో, ధర ముందే రాసిపెట్టడం, కొనకపోయినా లోపల తిరగనివ్వడం, నచ్చని సరుకు వెనక్కి తీసుకోవడం అనే పద్ధతులను పెద్ద ఎత్తున నిలబెట్టాడు. లండన్‌లో 1909లో తెరిచిన సెల్ఫ్రిడ్జెస్, ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య ఉన్న సముద్రం ఇంగ్లిష్ చానల్‌ను దాటిన ఫ్రెంచ్ వైమానికుడు బ్లేరియో విమానాన్ని అదే ఏడాది అంగట్లో పెట్టి, జనాన్ని ఊరికే చూసిపొమ్మని పిలిచింది. ఈ రెండూ నేటికీ నడుస్తున్నాయి.

మూతపడినవి అనేకం. 1778లో మొదలైన బ్రిటన్ డెబెన్‌హమ్స్ చివరి అంగళ్లు 2021 మే నెలలో మూసేశారు. 1670 నాటి కంపెనీ అయిన కెనడా హడ్సన్స్ బే అంగళ్లు 2025లో మూతపడ్డాయి. ధర చీటీని అమెరికాలో వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడైన జాన్ వానమేకర్ పేరు మీద ఫిలడెల్ఫియాలో వెలసిన భవనంలో, తర్వాత మేసీస్ అనే కంపెనీ నడిపిన అంగడి కూడా అదే ఏడాది మార్చిలో ఆగిపోయింది. అప్పులు, ఊరి బయటి మాల్‌లు, ఫోన్‌లో కొనుగోళ్లు కలిసి వీటిని దెబ్బతీశాయి. ఫోన్‌లోనూ సరుకు వెనక్కి ఇవ్వవచ్చు, నిజమే. కానీ అక్కడ అదే చీర ధర పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి కావచ్చు. అందరికీ ఒకే ధర అన్న మాట ఇన్నేళ్లకు మళ్లీ సడలిపోతుండడం నాకు బాధగా ఉంది.

మొన్న దసరాకు అమ్మను మా ఊళ్లోనే ఒక నాలుగంతస్తుల బట్టల అంగడికి తీసుకెళ్లాను. హ్యాంగర్లకు వేలాడుతున్న చీరల మధ్య ఆమె మెల్లగా నడుస్తూ, ఒక్కొక్క చీర కొంగుకు కుట్టిన చీటీని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివి, జాగ్రత్తగా లోపలికి మడిచి పెట్టింది. గంటన్నర తర్వాత ఏమీ కొనకుండానే మెట్లు దిగి వచ్చాము. గుమ్మం దగ్గర ఆమె ఆగలేదు.