మొక్కకు కిడ్నీ ఎందుకు అక్కర్లేదు?

పదో తరగతి విసర్జన పాఠం చదివినవాళ్లందరికీ ఒక వాక్యం నోటికొచ్చు: మొక్కలకు ప్రత్యేకమైన విసర్జక అవయవాలు లేవు. దాని కింద మొక్కల వ్యర్థాలుగా టానిన్లు, రెజిన్లు, జిగుర్లు, లేటెక్స్, ఆల్కలాయిడ్లు అని వరసగా రాసేస్తే మార్కులు పడిపోతాయి. ఎందుకు లేవని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే పాఠం మొదలెట్టాల్సింది ఆ ప్రశ్నతోనే.

మెలికంతా నత్రజని దగ్గరుంది. పప్పు తిన్నా, చేప తిన్నా అందులోని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఒంటికి కావలసినన్ని వాడుకున్నాక మిగిలినవాటిని దాచుకునే చోటు మనకు లేదు. కొవ్వుకు గోదాముంది, పిండిపదార్థానికి కాలేయంలోనూ కండరాల్లోనూ కొంత జాగా ఉంది, అమైనో ఆమ్లాలకు అదీ లేదు. అందుకని వాటి నత్రజని ఊడి అమ్మోనియా అవుతుంది. అది విషం. కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, కిడ్నీ బయటికి పంపుతుంది. యూరియా మూత్రపిండాల్లో తయారవుతుందని రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. తయారీ కాలేయానిది, పంపకం మాత్రమే కిడ్నీది.

మొక్క అలా కాదు. వేరు పీల్చిన నైట్రేటుతో తన అమైనో ఆమ్లాలు తానే కట్టుకుంటుంది. లోపల ఎక్కడైనా అమ్మోనియా విడుదలైతే దాన్ని మళ్లీ గ్లుటమిన్‌లో బిగించేస్తుంది. పారేసేంత నత్రజని దానికి మిగలదు. మిగిలే మాటే ఉంటే మనం వరిచేలో యూరియా బస్తాలు చల్లే పనేముంది? మన ఒళ్లు వద్దనుకున్న పదార్థమే మడికి ఎరువు.

ఇప్పుడు కిడ్నీ లోపలికి వెళ్దాం. ఒక్కో మూత్రపిండం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, అందులో రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు, అంటే నెఫ్రాన్లు, దాదాపు 10 లక్షలు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో జల్లెడలా పనిచేసే సన్న రక్తనాళాల ఉండ పేరు గుచ్ఛం. దానిలోకి రక్తం తెచ్చే అభివాహి ధమనిక వెడల్పు, తీసుకెళ్లే అపవాహి ధమనిక సన్నం. ఈ తేడా వల్లే లోపల పీడనం పెరిగి ద్రవం గుచ్ఛం చుట్టూ గిన్నెలా ఉండే బౌమన్ గుళికలోకి వడకడుతుంది. బొమ్మలో రెండింటినీ ఒకే లావున గీస్తే ఈ వడపోత, అంటే గుచ్ఛగాలనం, ఎందుకు జరుగుతుందో చెప్పడానికి ఆ బొమ్మ పనికిరాదు.

రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు వడకడతాయి. రోజుకు 180 లీటర్లు, అంటే పదిహేను లీటర్లు పట్టే బిందెలు పన్నెండు. బయటికొచ్చేది లీటరున్నర చిల్లర. మిగతాదంతా వెనక్కి పోతుంది, అందులో మూడింట రెండు వంతులు మొదటి మెలికల గొట్టమైన సమీపస్థ సంవళిత నాళంలోనే. గ్లూకోజు మొత్తం అక్కడే వెనక్కి చేరాలి. అయితే దాన్ని మోసే వాహకాలకు ఒక పరిమితి ఉంది. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే అవి చాలవు, మిగిలింది మూత్రంలో కనబడుతుంది. షుగరు ఉన్నవాళ్ల మూత్రంలో గ్లూకోజు కనబడటానికి కారణం ఇదే, జల్లెడ చిరిగి కాదు. ఒంట్లో నీటిని అదుపు చేసే హార్మోన్ వ్యాసోప్రెసిన్ విషయంలోనూ తిరగేసి రాస్తుంటారు. అది పెరిగితే నీరు వెనక్కి పోతుంది, మూత్రం తగ్గి చిక్కబడుతుంది. ఎండలో పొలం పని చేసేవాళ్ల ఒంట్లో జరిగేది అదే.

బొమ్మ కంటే అసలు కిడ్నీ కోసి చూపడం మేలు. మటన్ కొట్లో ముందురోజే చెప్పి ఉంచాలి: కొవ్వు తియ్యొద్దు, గొట్టాలు మొదలంటా కోయొద్దని. లేకపోతే నున్నగా ఒలిచిన కాయ చేతికిస్తారు, ఏది ధమనో ఏది మూత్రనాళమో తేలదు. గ్లవ్స్ వేసుకుని కొవ్వు విడదీస్తే నొక్కు దగ్గర మూడు గొట్టాలు దొరుకుతాయి. గోడ మందంగా ఉండి నొక్కినా గుండ్రంగా నిలిచేది ధమని, చదునుగా పడిపోయేది సిర, తెల్లగా సన్నగా వెనక్కి దిగేది మూత్రనాళం. కోయకముందే సూది తీసేసిన సిరంజితో మూత్రనాళంలోకి 5 మిల్లీలీటర్ల రంగునీళ్లు నెమ్మదిగా ఎక్కించండి. తర్వాత ఉబ్బుగా ఉన్న వైపు నుంచి నొక్కు వైపుకు, చిక్కుడు గింజను రెండు బద్దలు చేసినట్టు ఒకే కోతలో చీల్చాలి. రంపంలా ఆడిస్తే లోపలి పొర దవ్వ నలిగిపోతుంది. పై పొరగా ముదురు ఎరుపు వల్కలం, లోపల గీతల దవ్వ, మధ్యలో మూత్రం చేరే చోటైన ద్రోణి రంగు పట్టి కనబడతాయి. పుస్తకంలో ఉన్నట్టు దవ్వలో పిరమిడ్లు విడివిడిగా లేవే అని పిల్లలు అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. మనిషి కిడ్నీలో పిరమిడ్లు చాలా ఉంటాయి, గొర్రెలోనూ మేకలోనూ అవన్నీ కలిసి ఒకే గట్టులా ఉంటాయి. ఈ ముక్క ముందే చెప్పకపోతే లేనివాటిని బొమ్మలో గీసేస్తారు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ పాఠం చెబుతూ తోటల ప్రాంతమైన ఉద్దానం ఊసెత్తకుండా ఉండలేం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉంది. కారణం ఇదీ అని ఇంతవరకూ ఒక్కటీ తేలలేదు. పాఠానికి సంబంధించిన సంగతి ఏమిటంటే, ఈ రకం జబ్బులో దెబ్బ ఎక్కువగా తగిలేది నెఫ్రాన్లలోని గొట్టాలైన నాళికలకూ వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ. గుచ్ఛం చెడితే ప్రొటీన్ బాగా కారుతుంది, మూత్రంలో ముంచే పట్టీ పట్టేస్తుంది. నాళిక చెడితే కారేది తక్కువ, పట్టీ ఊరుకుంటుంది. అందుకే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో కూడా చూడాలి. అదీ తొందరగా బయటపడదు: సగం పని పోయేదాకా అంకె మామూలుగానే ఉండొచ్చు. ఒళ్లు బాగానే ఉంది కదా, పరీక్ష ఎందుకు అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే.

ఆ ఉద్దానం తోటల్లోనే మొక్క పద్ధతి కూడా కనబడుతుంది. మొక్క తనకు అక్కర్లేనిదాన్ని గడప దాటించదు, మూల గదిలో పెట్టి తాళం వేస్తుంది. జీడిపిక్క పెంకులోని నూనె చేతికి తగిలితే తోలు ఊడుతుంది, దాంట్లో ఉన్నది అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్. పప్పుకు అంటకుండా పెంకు గోడలోని తేనెపట్టు గదుల్లో అది ఉంటుంది. పనసకాయ కోసేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటాం కదా, ఆ బంక లేటెక్స్. వీటిని వట్టి చెత్త అనడం నాకు నచ్చదు. పురుగునూ పశువునూ దూరంగా ఉంచే కాపలా కూడా అవే.

రాలే ఆకు సంగతీ ఇంతే. బడి ఆవరణలో బాదం ఆకు ఎర్రబడి రాలేలోపు చెట్టు అందులోని నత్రజని, భాస్వరంలో చాలా భాగం వెనక్కి లాక్కుంటుంది. కాల్షియం మాత్రం కదలదు, ఆకుతోపాటే పోతుంది. కాల్షియం ఆక్సలేటుగా పేరుకున్నదీ అంతే. మన కిడ్నీ రాళ్లలో ఎక్కువ వాటిలో ఉండేదీ ఆ కాల్షియం ఆక్సలేటే.

దాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే చేమకాడ చాలు. గ్లవ్స్ తప్పనిసరి, లేకపోతే దురద. కాడ అడ్డంగా కోసి, కారిన రసం ఒక చుక్క స్లైడు మీద వేసి, ఒక చుక్క నీరు కలిపి, కవర్ స్లిప్‌ను ఏటవాలుగా దించాలి. ముక్కనే పెడితే మందమై వెలుతురు దాటదు. ముందు 10 రెట్ల కటకంతో వెతికి, తర్వాత 40కి మార్చండి. నల్లటి అంచుతో గుండ్రంగా ఉన్నవి గాలి బుడగలు, సూదుల కట్టల్లా ఉన్నవి రెఫైడ్లు, అంటే ఆ ఆక్సలేటు స్ఫటికాలు. పక్క నుంచి ఒక చుక్క వెనిగర్ పంపితే సూదులు అలాగే ఉంటాయి. కార్బనేట్ అయితే అక్కడే పొంగేది. మరో స్లైడులో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడండి. బుడగలేవీ రాకుండా సూదులు కరిగిపోతే అది ఆక్సలేటే.